గుండె జబ్బు ఉంది, క్యాన్సర్‌కు కరెంటు పెట్టాలన్నారు: తరచుగా అడిగే ప్రశ్నలు

జనం "కరెంటు పెట్టడం" అని పిలిచే చికిత్స రేడియేషన్. మా రేడియేషన్ విభాగానికి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక్కటే ఫైలు ఉంటుంది. బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు, సర్జన్ రాసిచ్చిన చీటీ అన్నీ అందులోనే ఉంటాయి. గుండెకు స్టెంట్ వేసినప్పటి కాగితాలు మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉండిపోతాయి. అడిగితే "అది పాత సంగతి కదా డాక్టరుగారూ, అయిదేళ్ళయింది" అంటారు. మాకు అది పాత సంగతి కాదు. ఆ కాగితాలు చూశాక రేడియేషన్ ఏ కోణం నుంచి పంపాలి, ఎన్ని సిట్టింగులు పెట్టాలి, పక్కన ఏ కీమో మందు ఇవ్వాలి అన్నవి మారిపోవచ్చు. అందుకే కింది ప్రశ్నలు చదివే ముందు ఒక పని చేయండి. ఆ రెండో ఫైలు వెతికి సంచిలో పెట్టండి.

మా నాన్నగారికి 68 ఏళ్ళు. మూడేళ్ళ కిందట స్టెంట్ వేశారు. ఇప్పుడు గొంతు క్యాన్సర్‌కు కరెంటు పెట్టాలంటున్నారు. ఆయన గుండె తట్టుకుంటుందా?

గుండె నిలకడగా ఉన్నవారు సాధారణంగా తట్టుకుంటారు. రేడియేషన్‌కు మత్తు ఇవ్వరు, కోత ఉండదు, రక్తం పోదు. ఆపరేషన్ సమయంలో గుండె మీద పడే భారం ఇందులో లేదు. పైగా గొంతుకు పెట్టే రేడియేషన్ గుండె దాకా చేరేది నామమాత్రం.

నాన్నగారి విషయంలో గుండె కన్నా తిండి గురించి ఎక్కువ ఆలోచించాలి. రెండో వారం దాటాక నోరు, గొంతు పుండ్లు పడి మింగడం కష్టమవుతుంది. తిండి తగ్గి, నీళ్ళు తగ్గి, బీపీ కిందికి దిగుతుంది. అప్పుడు కూడా పాత మోతాదులోనే బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర, షుగరు మాత్ర వేసుకుంటూ పోతే ఏదో ఒక తెల్లవారుజామున బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోతారు. ఇలా పడిపోయి తలకు దెబ్బతో వచ్చినవారిని చూశాను, కరెంటు వల్లే ఇలా అయిందని ఇంటివారు బాధపడటమూ చూశాను. వారానికోసారి బరువు, బీపీ, షుగరు చూపించి, మందుల మోతాదు గుండె డాక్టరుతో సరిచేయించుకుంటే చాలావరకు ఆ ప్రమాదం తప్పుతుంది. మాత్రలు మీ అంతట మీరు మానేయకండి. ముఖ్యంగా స్టెంట్ కోసం ఇచ్చినవి.

ఇంకో మాట. మెడకు రేడియేషన్ తీసుకున్నవారికి తర్వాతి సంవత్సరాల్లో మెదడుకు వెళ్ళే మెడ రక్తనాళాలు సన్నబడే అవకాశం పెరుగుతుంది. అందుకే చికిత్స అయ్యాక అయిదేళ్ళకోసారి మెడకు డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) చేయించడం మంచిది.

కరెంటు అంటే షాక్ లాంటిదా? గుండె ఆగిపోదా?

పేరే తప్పుగా స్థిరపడింది. ఒంట్లోకి విద్యుత్తు ఏదీ వెళ్ళదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం చాలా శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలను తయారుచేసి గడ్డ మీదికి పంపుతుంది. ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు ఎలా ఏమీ తెలియదో ఇక్కడా అంతే. నొప్పి ఉండదు, వేడి తెలియదు. ఒక రోజు సిట్టింగు వల్ల శరీర ఉష్ణోగ్రత పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు.

శరీరంలో ఎక్కడ పెట్టినా గుండెకు దెబ్బ తగులుతుందా?

లేదు. రేడియేషన్ దాని దారిలో ఉన్న భాగాలనే తాకుతుంది. గర్భాశయ ముఖద్వారం, ప్రోస్టేట్, మలద్వారం దగ్గరి పేగు, నోరు, మెదడు వంటి చోట్ల ఇచ్చేటప్పుడు గుండె దూరంగానే ఉంటుంది. ఎడమ రొమ్ము, ఊపిరితిత్తి, అన్నవాహిక, రెండు ఊపిరితిత్తుల మధ్య ఉండే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) గడ్డలు వేరే సంగతి. గుండె వీటి పక్కనో వెనకనో ఉంటుంది. ఈ పేజీలో ఎక్కువ భాగం వీరి కోసమే.

గుండెకు రేడియేషన్ తగిలితే ఏం జరుగుతుంది?

గుండె కండరంలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు ఉంటాయి. వాటి లోపలి పొర దెబ్బతిని, వాపు వచ్చి, మెల్లగా గట్టిపడుతుంది. పెద్ద రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం వేగం పుంజుకుంటుంది. ఎక్కువ డోసు పడితే గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరడం, కవాటాలు బిగుసుకోవడం, గుండె లయ తప్పడం కూడా జరగవచ్చు. ఇవి చాలావరకు ఏళ్ళు గడిచాక బయటపడతాయి. గుండె పొర వాపు ఒక్కటే కొందరిలో చికిత్స సమయంలోనే కనిపిస్తుంది.

దీని మీద అందరం చూసే లెక్క ఒకటి 2013లో వచ్చింది. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో 1958 నుంచి 2001 మధ్య రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 2,168 మంది స్త్రీల వివరాలు పరిశీలించారు. గుండెకు సగటున చేరిన ప్రతి ఒక్క గ్రే డోసుకు గుండెపోటు వంటి పెద్ద సంఘటనల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. గ్రే అంటే రేడియేషన్ కొలిచే ప్రమాణం. ఇంత లోపల ఉంటే భయం లేదు అనే హద్దు కనిపించలేదు. ముప్పు అయిదేళ్ళ లోపే మొదలై, ఇరవై ఏళ్ళు దాటాక కూడా కొనసాగింది.

ఈ 7.4 శాతాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. అది మీకు ముందే ఉన్న ముప్పు మీద పెరిగే శాతం. ఉదాహరణకు గుండెకు సగటున 5 గ్రే చేరిందనుకుందాం. ముప్పు 37 శాతం పెరుగుతుంది. మామూలుగా నూటికి ఇద్దరికి గుండెపోటు వచ్చే గుంపులో ఆ సంఖ్య మూడు లోపే ఉంటుంది. షుగరు, బీపీ, పాత గుండెపోటు ఉండి నూటికి పదిమందికి వచ్చే గుంపులో అదే డోసుకు పద్నాలుగు దగ్గరకు చేరుతుంది. డోసు ఒకటే, నష్టం వేరు. గుండె జబ్బు ఉన్నవారి ప్లానింగ్‌లో ఒక్కో గ్రే తగ్గించడానికి మేము పట్టుబట్టి కూర్చునేది ఇందుకే.

అయితే రేడియేషన్ మానేస్తే మేలు కదా?

కొందరికి మేలే. ఎక్కువమందికి కాదు.

రొమ్మును ఉంచి గడ్డ మాత్రమే తీసిన స్త్రీలలో రేడియేషన్ ఇవ్వకపోతే పదేళ్ళలో నూటికి 35 మందికి క్యాన్సర్ తిరగబెట్టింది, ఇస్తే 19 మందికి. పదిహేనేళ్ళలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి 25 నుంచి 21కి తగ్గారు. 2011లో వచ్చిన ఈ లెక్కలో పదివేల మందికి పైగా ఉన్నారు. గుండె భయంతో ఈ లాభాన్ని వదులుకోవడం నాకు మనసొప్పని విషయం.

కానీ వయసు 65 దాటి, గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండి, చంకలోకి పాకకుండా, హార్మోను మాత్రలు క్రమంగా వాడే స్త్రీల సంగతి వేరు. బ్రిటన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ ఇలాంటివారి మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రేడియేషన్ లేకుండా పదేళ్ళలో అదే రొమ్ములో తిరగబెట్టింది 9.5 శాతం మందికి, రేడియేషన్ ఇచ్చినవారిలో 0.9 శాతం మందికి. ఎంతకాలం బతికారన్నది చూస్తే రెండు గుంపుల్లోనూ తేడా లేదు. పంపింగ్ బలహీనంగా ఉన్న డెబ్బై అయిదేళ్ళ అమ్మగారికి ఇది గట్టిగా ఆలోచించదగ్గ దారి. "మా అమ్మ గుండె పరిస్థితిలో రేడియేషన్ లేకుండా కుదురుతుందా?" అని డాక్టరును సూటిగా అడగండి. అందులో తప్పేమీ లేదు.

ఎడమ రొమ్ముకు ఇచ్చేటప్పుడు గుండెను ఎలా తప్పిస్తారు?

శ్వాసతో. నిండుగా గాలి పీల్చి ఆపితే ఊపిరితిత్తి ఉబ్బి, గుండె వెనక్కీ కిందికీ జరుగుతుంది. రొమ్ముకూ గుండెకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ కొన్ని క్షణాల్లోనే యంత్రం పనిచేస్తుంది, శ్వాస వదలగానే ఆగిపోతుంది. చాలామందిలో గుండెకు చేరే సగటు డోసు దీనితోనే సగానికి దగ్గరగా తగ్గుతుంది.

టేబుల్ మీద ఇది ఎలా ఉంటుందో చెబుతాను. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ తల పైకి పెట్టి, పిడి పట్టుకుంటారు. పొట్ట పైభాగాన అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ పెట్టె ఉంచుతారు. గోడకున్న కెమెరా ఆ పెట్టె ఎంత లేస్తోందో గమనిస్తుంది. కళ్ళ ముందు చిన్న తెరలో ఒక గీత కనిపిస్తుంది. గాలి పీలుస్తుంటే గీత పైకి పాకి ఒక రంగు పట్టీలోకి వెళుతుంది. గీత అక్కడే ఉండేలా దాదాపు ఇరవై సెకన్లు నిలబెట్టాలి. కొన్ని చోట్ల తెర ఉండదు, మైకులో "పీల్చండి, ఆపండి, వదలండి" అని చెబుతారు.

స్టెంట్ వేయించుకున్న ఒక పెద్దావిడ మొదటిరోజు నాలుగు సెకన్లకే వదిలేసేవారు. భయం అంత ఉంది. చికిత్స ఒక వారం వెనక్కి జరిపి, ఇంట్లో సాధన చేయమని పంపాం. వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, గోడ గడియారం చూస్తూ కోడలు లెక్కపెట్టేదట. వారం తిరిగేసరికి 22 సెకన్లు ఆపారు. ఆవిడ ప్లాను తెర మీద పక్కపక్కన పెట్టి చూశాం. మామూలు శ్వాసలో డోసు గీతలు గుండె ముందు అంచును కోసుకుంటూ పోతున్నాయి. శ్వాస ఆపినప్పుడు గుండె పూర్తిగా వాటి బయట ఉంది. ఆ అంచునే గుండెకు ముఖ్యమైన ఎల్‌ఏడీ రక్తనాళం దిగుతుంది. ఆవిడ స్టెంట్ ఉన్నదీ అందులోనే.

శ్వాస ఆపలేనివారి సంగతి ఏమిటి?

ఆయాసం ఉన్నవారిని బలవంతపెట్టం. బోర్లా పడుకోబెట్టి ఇవ్వవచ్చు, రొమ్ము పెద్దగా ఉన్నవారికి ఇది బాగా పనికొస్తుంది. గుండె మీదికి వచ్చే కిరణాన్ని యంత్రంలోని సన్నని లోహపు పలకలతో అడ్డుకోవచ్చు. గడ్డ తీసిన చోటు చుట్టూ మాత్రమే ఇవ్వడమూ కొందరికి సరిపోతుంది. సిట్టింగులు కూడా ఇప్పుడు బాగా తగ్గాయి. ఒకప్పుడు 25 ఉండేవి, తర్వాత 15కు వచ్చాయి. 2020లో బ్రిటన్ పరిశోధన వచ్చాక తగినవారికి వారంలో 5 సిట్టింగులతోనే ముగిస్తున్నారు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి గది అద్దెకు తీసుకుని ఉండే గుండె రోగికి ఇది చిన్న ఊరట కాదు.

ఊపిరితిత్తి, అన్నవాహిక క్యాన్సర్లలో గుండెను పూర్తిగా తప్పించగలరా?

చాలాసార్లు పూర్తిగా కుదరదు. అన్నవాహిక గుండె వెనకే దిగుతుంది. ఊపిరితిత్తి గడ్డ మధ్యలో ఉంటే గుండెకు ఆనుకునే ఉంటుంది. ఇక్కడ మేము చేయగలిగింది కిరణాల కోణాలు మార్చి, వీలైనంత తక్కువ డోసు గుండెకు పోయేలా చూడటం.

2015లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన మా ఆలోచననే మార్చింది. ముదిరిన ఊపిరితిత్తి క్యాన్సర్‌కు 60 గ్రే చాలదేమో, 74 గ్రే ఇస్తే ఎక్కువ కాలం బతుకుతారేమో అని చూశారు. జరిగింది తలకిందులు. 60 గ్రే ఇచ్చిన గుంపు సగటున 28.7 నెలలు బతికితే, 74 గ్రే గుంపు 20.3 నెలలే బతికింది. కారణాలు వెతికితే గుండెకు చేరిన డోసు కూడా వాటిలో ఒకటిగా తేలింది. గుండె మీద ప్రభావం ఇరవై ఏళ్ళ తర్వాతి మాట అనుకుంటూ వచ్చిన మాకు, ఈ రోగుల్లో అది రెండేళ్ళలోనే కనిపించవచ్చని అప్పుడు తెలిసింది.

గుండె బలహీనమని ఊపిరితిత్తి ఆపరేషన్ వద్దన్నారు. ఇక దారి లేదా?

ఉంది. గడ్డ చిన్నదిగా, 5 సెంటీమీటర్ల లోపు, వేరే చోటికి పాకకుండా ఉంటే ఎస్‌బీఆర్‌టీ అనే పద్ధతి ఉంది. చాలా ఎక్కువ డోసును చాలా కచ్చితంగా 3 నుంచి 5 సిట్టింగుల్లో ఇస్తారు. మూడేళ్ళ తర్వాత చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి ఆ గడ్డ అక్కడే అణిగి ఉంటుంది. ఈ పద్ధతి పేరు తెచ్చుకున్నదే ఆపరేషన్ తట్టుకోలేని గుండె, ఊపిరితిత్తుల రోగుల వల్ల. గడ్డ గుండెకో పెద్ద రక్తనాళానికో ఆనుకుని ఉంటే మాత్రం డోసు తగ్గించి, సిట్టింగులు పెంచి ఇస్తారు.

ఒంట్లో స్టెంట్ ఉంటే అది వేడెక్కదా? బైపాస్ తీగలు అడ్డురావా?

స్టెంట్ వేడెక్కదు, కదలదు, కరగదు. బైపాస్ తర్వాత రొమ్ము ఎముకను కుట్టిన ఉక్కు తీగలు సీటీలో తెల్లని చారల్లా కనబడతాయి, ప్లానింగ్‌లో వాటిని సరిచేసుకుంటాం.

బైపాస్ అయినవారు తప్పక చెప్పవలసింది ఇంకొకటి. ఎక్కువమందికి రొమ్ము ఎముక వెనక నుంచి దిగే ధమనిని గుండెకు కలుపుతారు. రొమ్ము క్యాన్సర్‌లో కొన్నిసార్లు అక్కడి లింఫు గ్రంథులకే రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుంది. మీ గుండెకు రక్తం ఇస్తున్న ఆ నాళం అదే దారిలో ఉండవచ్చు. బైపాస్ ఆపరేషన్ నోట్సు చూస్తేనే మాకు అది తెలుస్తుంది.

పేస్‌మేకర్ ఉంది. రేడియేషన్ ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, జాగ్రత్తలతో. పేస్‌మేకర్‌లో చిన్న కంప్యూటర్ ఉంటుంది. నేరుగా కిరణాలు పడితే దాని సర్క్యూట్ పాడవుతుంది, లేదా సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి. షాక్ ఇచ్చే ఐసీడీ ఇంకా సున్నితం. అందుకే పరికరం మీద కిరణం నేరుగా పడనివ్వం, పక్క నుంచి చేరేది కూడా 2 గ్రే లోపు ఉండేలా ప్లాన్ చేస్తాం. 10 ఎంవీ (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) కన్నా ఎక్కువ శక్తి ఉన్న కిరణాలు న్యూట్రాన్లను పుట్టిస్తాయి, పరికరాలకు అవి మరీ చెడ్డవి. కాబట్టి 6 ఎంవీతోనే సరిపెడతాం.

మొదటి సిట్టింగుకు ముందే గుండె డాక్టరు దగ్గర పరికరాన్ని పరీక్ష చేయించాలి. మీ గుండె పూర్తిగా దాని మీదే ఆధారపడి కొట్టుకుంటోందా అన్నది అప్పుడు తేలుతుంది. ఆధారపడినవారికి, ఐసీడీ ఉన్నవారికి సిట్టింగు జరుగుతున్నంతసేపూ మానిటర్ ఉంచుతారు. అవసరాన్ని బట్టి మధ్యలో, అంతా అయ్యాక మళ్ళీ పరీక్ష. గడ్డ సరిగ్గా పరికరం కిందే ఉంటే చిన్న ఆపరేషన్‌తో దాన్ని రెండోవైపుకు మారుస్తారు.

పేస్‌మేకర్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు తీసుకురండి. కంపెనీ, మోడల్ అందులోనే ఉంటాయి. చొక్కా విప్పాక, సీటీ టేబుల్ మీద మాకు ఆ ఉబ్బు కనిపించి, "అవును, ఎనిమిదేళ్ళ కిందట పెట్టారు" అని విన్న రోజులు ఉన్నాయి. అప్పుడు అంతా ఆపి మొదటి నుంచి రావలసి వస్తుంది.

గుండె పంపింగ్ తక్కువ. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. ఎలా?

సిమ్యులేషన్ రోజునే చెప్పాలి. సిమ్యులేషన్ అంటే ఏ భంగిమలో పడుకుంటారో నిర్ణయించి సీటీ తీసే రోజు. ఆ భంగిమలోనే ప్రతి సిట్టింగూ జరుగుతుంది. ఓర్చుకుని ఆ రోజు పడుకుని, మూడో సిట్టింగులో లేచి కూర్చుంటే ప్లాను మొత్తం మళ్ళీ చేయాలి. వీపు కింద వాలుబల్ల పెట్టి కొంచెం ఎత్తులో పడుకోబెట్టడం తేలికే. కాళ్ళవాపు, ఆయాసం ఎక్కువగా ఉంటే ముందు గుండె డాక్టరు నీరు తగ్గించే మందులు సరిచేసి పంపుతారు. అందుకు రెండు మూడు రోజులు ఆలస్యమైనా పరవాలేదు.

ప్రోస్టేట్‌కు రేడియేషన్. అరలీటరు నీళ్ళు తాగి మూత్రం ఆపుకోమన్నారు. గుండె డాక్టరేమో రోజుకు లీటరున్నర మించవద్దన్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినవచ్చు, ఇద్దరికీ రెండో మాట తెలిస్తే. మూత్రాశయం నిండితే పేగు పైకి జరిగి రేడియేషన్ నుంచి తప్పుకుంటుంది, అందుకే నీళ్ళు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కూడా ఇదే పద్ధతి. మీ విషయంలో తాగే అరలీటరును రోజువారీ లీటరున్నరలోనే లెక్కవేసుకోండి. కాఫీ, మజ్జిగ, రసం, చారు కూడా అందులోకే వస్తాయి. నీరు పోయే మాత్ర ఉదయం వేసుకుని పదింటికి సిట్టింగుకు వస్తే ఆపుకోవడం నరకం, కాబట్టి గుండె డాక్టరును అడిగి మాత్ర వేళ సిట్టింగు తర్వాతకు జరపండి. ఇంకా తక్కువ నీళ్ళతోనే ప్లాన్ చేయమని మమ్మల్ని అడగవచ్చు. రోజూ ఒకే మోతాదు ఉంటే మాకు చాలు.

ప్రోస్టేట్‌కు ఇచ్చే హార్మోను ఇంజెక్షన్లు షుగరు, కొలెస్టరాల్ పెంచుతాయి. గుండెకు సంబంధించినంతవరకు మీకు రేడియేషన్ కన్నా వాటి మీదే ఎక్కువ కన్ను ఉండాలి.

రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ ఆపాలా?

రేడియేషన్ కోసం ఆపనక్కర్లేదు. కొత్తగా స్టెంట్ వేయించుకున్నవారు ఈ మాత్రలు ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. బయాప్సీకో, లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్‌కో ఆపాల్సి వస్తే గుండె డాక్టరే చెప్పాలి.

వార్ఫరిన్ వాడేవారికి ఒక హెచ్చరిక. కెపెసిటబిన్ అనే కీమో మాత్ర దానితో కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది. తిండి తగ్గినా అంతే. రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష నెలకోసారి చేయించేవారు వారానికోసారి చేయించాలి. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లని విరేచనం కనిపిస్తే ఆ రోజే రండి.

రేడియేషన్‌తో పాటు కీమో కూడా ఇస్తామన్నారు. అది గుండెకు మంచిదేనా?

నిజం చెప్పాలంటే, చాలామంది గుండె రోగుల్లో నేను ఎక్కువ జాగ్రత్తపడేది దీని దగ్గరే. సిస్‌ప్లాటిన్‌కు లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కించాలి, పంపింగ్ తక్కువ ఉన్న గుండె ఆ నీటిని మోయలేదు. అలాంటివారికి కార్బోప్లాటిన్ వంటి వేరే మందు చూస్తాం, లేదా రేడియేషన్ ఒక్కటే ఇస్తాం. కెపెసిటబిన్, ఫ్లోరోయురాసిల్ మందులు కొందరిలో గుండె రక్తనాళాలను ఉన్నట్టుండి బిగుసుకునేలా చేస్తాయి. మాత్ర మొదలుపెట్టిన రోజుల్లో ఛాతీలో నొప్పి వస్తే గ్యాసు అనుకోకండి. మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రండి. రొమ్ము క్యాన్సర్‌లో వాడే డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ గుండె కండరాన్ని బలహీనపరచగలవు. ట్రాస్టుజుమాబ్ నడుస్తున్నంతకాలం మూడు నెలలకోసారి ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి.

ప్రోటాన్ చికిత్స కోసం చెన్నై వెళ్ళాలా?

ప్రోటాన్ కిరణం గడ్డ దగ్గర ఆగిపోతుంది, వెనకనున్న భాగాలకు పోదు. చెన్నైలో అపోలో కేంద్రం 2019 నుంచి, నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి కేంద్రం 2023 నుంచి ఈ చికిత్స ఇస్తున్నాయి. చిన్న వయసులో ఛాతీ మధ్యన లింఫోమా వచ్చినవారికి, ఒకసారి రేడియేషన్ అయి మళ్ళీ కావలసినవారికి ఇది నిజంగా ఆలోచించదగింది. ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు మాత్రం శ్వాస ఆపే పద్ధతితో మామూలు యంత్రం మీదే చాలామందికి సరిపోతుంది. పొలం అమ్మి వెళ్ళాలనుకునే ముందు మీ రేడియేషన్ డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడి ప్లానులో గుండెకు సగటున ఎన్ని గ్రే వస్తోంది?" అంకె 2, 3 దగ్గర ఉంటే అమ్మకండి.

ఖర్చు?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ రేడియేషన్ ఉంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇస్తారు. గుండె పరీక్షలు అదే ప్యాకేజీలో వస్తాయో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

సిగరెట్ మానడం ఇప్పుడు ఏం లాభం? క్యాన్సర్ వచ్చేసింది కదా.

చాలా లాభం. 2017లో రొమ్ము క్యాన్సర్ రేడియేషన్ మీద వేసిన ఒక లెక్క చూడండి. ఇప్పటి డోసుల వల్ల గుండె జబ్బుతో చనిపోయే ముప్పు పొగ తాగనివారిలో 0.3 శాతం ఉంటే, మానకుండా తాగేవారిలో 1 శాతం. రేడియేషన్ వల్ల ఊపిరితిత్తి క్యాన్సర్ వచ్చే ముప్పు 0.3 శాతానికి బదులు 4 శాతం. చుట్ట, బీడీ అన్నీ ఇందులోకే వస్తాయి. మా దగ్గర ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా ఇంత తేడా తేలేదు.

గుండెకు రేడియేషన్ అంటేనే ప్రమాదమా? గుండె జబ్బుకే రేడియేషన్ ఇస్తారని విన్నాను.

విన్నది నిజమే. 2017లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, ఏ మందుకూ లొంగని ప్రమాదకరమైన గుండెదడ ఉన్న అయిదుగురికి, దడ పుట్టే మచ్చ మీదే ఒక్క సిట్టింగులో 25 గ్రే ఇచ్చారు. దడ దాదాపుగా ఆగిపోయింది. ఇంకా పరిశోధన దశలోనే ఉన్న చికిత్స ఇది.

టేబుల్ మీద ఉండగా ఛాతీలో నొప్పి వస్తే?

చెయ్యి ఎత్తండి. గదిలో ఒంటరిగా ఉన్నా బయటి నుంచి కెమెరాలో మిమ్మల్ని చూస్తూనే ఉంటారు, మాట వినిపిస్తుంది. యంత్రం క్షణంలో ఆగుతుంది. మధ్యలో ఆపితే చికిత్స పాడవుతుందని నొప్పి ఓర్చుకోవద్దు. మిగిలిన డోసు తర్వాత ఇస్తాం. నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడేవారైతే అది లాకరులో కాకుండా, వెంట వచ్చినవారి చేతిలో ఉండాలి.

చికిత్స అయిపోయాక గుండెకు ఎన్నాళ్ళు చూపించుకోవాలి?

ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారు జీవితాంతం. గుండె జబ్బు ముందే ఉన్నవారికి, డోసు ఎక్కువ పడ్డవారికి మొదటి ఏడాది, మూడో ఏడాది, అయిదో ఏడాది ఎకో, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. గుండెకు సగటున 15 గ్రే దాటినవారికి అయిదేళ్ళ తర్వాత రక్తనాళాల పరీక్షలు కూడా. బీపీ, షుగరు, కొలెస్టరాల్ మందులు అంతకు ముందు కన్నా శ్రద్ధగా వాడాలి.

ఇరవై ఏళ్ళ కిందట లింఫోమాకు ఛాతీకి కరెంటు పెట్టించుకున్నాను. ఇప్పుడు గుండెకు బైపాస్ అంటున్నారు. ఆ పాత సంగతి చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. రొమ్ము ఎముక వెనకున్న ధమని అప్పటి రేడియేషన్‌కు దెబ్బతిని ఉండవచ్చు, సర్జన్ కాలి సిరను ఎంచుకోవాల్సి రావచ్చు. ఎముక మానడం ఆలస్యం కావచ్చు. కవాటాలు, గుండె చుట్టూ ఉండే పొర కూడా చూసుకోవాలి. రేడియేషన్ ముగిసిన రోజు ఇచ్చే సమ్మరీ కాగితంలో ఎంత డోసు, ఎక్కడ, ఎన్ని సిట్టింగులు అన్నవి ఉంటాయి. గుండెకు చేరిన సగటు డోసు అందులో లేకపోతే చేత్తోనైనా రాయించుకోండి. ఫోనులో ఫోటో తీసి పిల్లలకు కూడా పంపి ఉంచండి. ఆసుపత్రుల్లో పాత రికార్డులు ఎప్పటికీ ఉండవు.